ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో రా ఫైల్ డల్‌గా కనిపిస్తే క్వాలిటీ పోయినట్టు కాదు

"అన్నా, డార్క్‌టేబుల్‌లో ఓపెన్ చేస్తే ఫోటో వెలవెలబోయింది, ఇంక లైట్‌రూమ్ కట్టక తప్పదా?" డార్క్‌టేబుల్ రా ఫోటోలు ఎడిట్ చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్, లైట్‌రూమ్ అడోబ్ వాళ్లది, సబ్‌స్క్రిప్షన్ కట్టి వాడేది. ఎడిటింగ్ నేర్చుకోడానికి నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది ఫస్ట్ అడిగేది ఇదే. మొన్నొక కుర్రాడైతే సెన్సర్ పాడైందని భయపడి కెమెరాని రిపేర్‌కి కూడా ఇచ్చొచ్చాడు పాపం, ఏ లోపమూ లేదని వెనక్కిచ్చేశారు.

అపోహ: ఓపెన్ సోర్స్‌లో, అంటే డార్క్‌టేబుల్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో, కలర్, క్వాలిటీ తగ్గిపోతాయి.

తగ్గవండీ, ఈ పుకారు ఎవరు మొదలుపెట్టారో గానీ దీన్ని నమ్మి ఎంతమంది డబ్బులు పోగొట్టుకున్నారో. అసలు రా ఫైల్ అంటే తయారైపోయిన ఫోటో కాదు, సెన్సర్ కొలిచిన ముడి డేటా. మామూలు సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలంలో ఏదో ఒక్కదాన్నే కొలుస్తుంది, మిగతా రెండూ పక్క పిక్సెల్స్‌ని బట్టి సాఫ్ట్‌వేరే లెక్కగట్టాలి. కెమెరా వెనక స్క్రీన్ మీద మీరు చూసి మురిసిపోయింది రా కాదు, కెమెరా తయారుచేసిన జేపెగ్, కాంట్రాస్ట్, శాచురేషన్, షార్ప్‌నెస్ అన్నీ కెమెరాలో ఉండే పిక్చర్ స్టైల్ సెట్టింగ్ ప్రకారం ముందే దట్టించి ఉంటుంది. లైట్‌రూమ్ కూడా ఓపెన్ చేయగానే అడోబ్ కలర్ అనే ప్రొఫైల్, అంటే రెడీమేడ్ కలర్ లుక్, తనే వేసేస్తుంది, మీరు అడగకుండానే. దాన్ని అడోబ్ న్యూట్రల్‌కి మార్చి చూడండి, అక్కడా అదే డల్‌నెస్. డార్క్‌టేబుల్ ఆ పనిలో ఎక్కువ భాగం మీకు వదిలేస్తుంది, అంతే తేడా. కెమెరా లుక్కే కావాలంటే రాథెరపీ అనే ఇంకో ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాడండి, అందులో ఆటో మ్యాచ్‌డ్ కర్వ్ అని ఉంది, రా ఫైల్ లోపలున్న జేపెగ్‌ని చూసి టోన్‌ని దానికి దగ్గరగా తెస్తుంది.

ఆ కుర్రాడి ఫైల్ ఇద్దరం కూర్చుని చేశాం. వాళ్ల అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చున్న ఫోటో, జేపెగ్‌లో ముఖం సగం నల్లగా మూసుకుపోయింది. డార్క్‌టేబుల్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ సరిచేసి, సిగ్మాయిడ్ అనే టూల్‌లో కాంట్రాస్ట్ పెంచి, టోన్ ఈక్వలైజర్ అనే ఇంకో టూల్‌తో షాడోస్ లేపితే చెంప మీద ముడతలతో సహా అన్నీ బయటికొచ్చాయి, అతను కాసేపు ఏం మాట్లాడలేదు. అదంతా తను "పోయింది" అనుకున్న ఫైల్లో ఉన్నదే.

మిగతావి గబగబా చెప్పేస్తా.

గింప్ అనే ఫ్రీ ఫోటో ఎడిటర్ 8 బిట్ మాత్రమే, అంటే రంగుల ఛాయలు తక్కువ అంటారు, అది 2018లో 2.10 రాకముందు మాట, ఇప్పుడు 32 బిట్ దాకా పనిచేస్తుంది, 2025లో వచ్చిన 3.0లో ఫిల్టర్లు తర్వాత కూడా మార్చుకోవచ్చు. రా మాత్రం అది నేరుగా తెరవదు, డార్క్‌టేబుల్‌కో రాథెరపీకో అప్పగిస్తుంది.

కమర్షియల్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టడం దండగ అనేదీ తప్పే. ఏఐ మాస్కింగ్ (ఫోటోలో కావాల్సిన భాగాన్ని ఏఐతో ఎంచుకోవడం), నాయిస్ తీయడం, ఫోన్‌తో సింక్, వీటిలో లైట్‌రూమ్ చాలా ముందుంది, వందల ఫోటోలు రేపటికి ఇవ్వాల్సిన వాళ్లకి ఆ టైమే డబ్బు.

సబ్‌స్క్రిప్షన్ ఆపితే ఫోటోలన్నీ పోతాయా అని కంగారు పడకండి. లైట్‌రూమ్ క్లాసిక్ అయితే ఫైల్స్ మీ డిస్క్‌లోనే ఉంటాయి, లైబ్రరీ తెరుచుకుంటుంది, ఎక్స్‌పోర్ట్ కూడా అవుతుంది, ఎడిటింగ్ చేసే డెవలప్, ఇంకా మ్యాప్ లాంటివి ఆగిపోతాయి. క్లౌడ్‌లో మాత్రమే ఉన్నవైతే ఆపకముందే దించుకోండి.

ఎడిట్స్ మాత్రం ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ఉన్నదున్నట్టు రావు, కాబట్టి ఫైనల్ చేసినవాటిని 16 బిట్ టిఫ్‌గా తీసి పెట్టుకోండి. డార్క్‌టేబుల్ వాడేవాళ్లు రా పక్కన కనిపించే ఎక్స్ఎంపీ ఫైల్స్‌ని చెత్త అనుకుని డిలీట్ చేయొద్దు, కొత్త కంప్యూటర్‌కి మారేటప్పుడు రాతో పాటు వాటినీ కాపీ చేసుకోండి, మీరు చేసిన ఎడిటింగ్ వాటిలో ఉంటుంది.