పొట్ట చిన్నదయ్యాక పాత మాత్ర

పోయిన వేసవిలో మా వదిన విశాఖపట్నంలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని అమలాపురం దగ్గర మా ఊరు వచ్చింది. మూడో వారానికి చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేవి. వాంతులు, విరేచనాలు, నాలుగడుగులు వేస్తే తూలు. "పొట్ట కోశారు కదా అమ్మాయ్, నీరసం. మెల్లగా అదే సర్దుకుంటుంది" అని మా అమ్మ ధైర్యం చెప్పింది. మేమంతా అదే నమ్మాం. నాలుగో రోజు మాట ముద్దగా రావడంతో భయపడి కాకినాడ తీసుకెళ్లాం. ఆమె మనసు జబ్బుకు వేసుకునే లిథియం మందు రక్తంలో లీటరుకు 1.9 మిల్లీమోల్ ఉంది. ఆ మందు వేసుకునేవాళ్లకు మామూలుగా 0.6 నుంచి 1.0 లోపు ఉండాలి.

వదినకు పన్నెండేళ్లుగా బైపోలార్ ఉంది. కొన్ని వారాలు మనసు ఆకాశంలో ఉంటుంది, నిద్ర అక్కర్లేదు, మాట ఆగదు, చేతిలో డబ్బు నిలవదు. ఇంకొన్ని వారాలు మంచం దిగబుద్ధి కాదు. లిథియం పడ్డాకే ఆమె మళ్లీ మామూలు మనిషైంది. అయితే లిథియం, వాల్‌ప్రోయేట్, ఒలాంజపిన్, క్వెటియాపిన్ లాంటి ఈ జబ్బు మందులతో చాలామంది లావెక్కుతారు. ఆమె కూడా ఎక్కింది, షుగర్ వచ్చింది. ఆపరేషన్ చేయించుకోవడం తప్పని నేను అనను. జబ్బు అదుపులో ఉంటే బైపోలార్ ఉన్నవాళ్లు కూడా ఈ ఆపరేషన్‌తో బాగానే బరువు తగ్గుతారు. నా బాధల్లా డిశ్చార్జి కాగితం మీద ఉన్న ఒక్క వాక్యం గురించి: "పాత మందులు యథాతథంగా వాడాలి." ఆమె మనసు డాక్టరుకు ఆపరేషన్ తేదీ కూడా తెలియదు.

ఆపరేషన్ తర్వాత పాత మాత్ర పాత మాత్రలా పనిచేయదు. లిథియం విషయంలో ఇది మరీ నిజం.

ఆవర్తన పట్టికలో లిథియం సరిగ్గా సోడియం పై గడిలో ఉంటుంది. ఉప్పులోని సోడియానికి అన్న వరస అనుకోండి. లివర్ దాన్ని విరగ్గొట్టలేదు, దాదాపు అంతా మూత్రపిండాల గుండానే బయటికి పోవాలి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు సోడియాన్ని గట్టిగా వెనక్కి లాక్కుంటాయి. ఆ లాగడంలో లిథియం కూడా వెనక్కి వచ్చేస్తుంది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం ఉన్మాదాన్ని, అంటే మనసు ఆకాశంలో ఉండే ఆ దశను, తగ్గిస్తుందని ప్రకటించాడు. అదే ఏడాది అమెరికాలో ఉప్పు మానేయాల్సిన గుండె రోగులు ఉప్పుకు బదులు లిథియం క్లోరైడ్ చల్లుకుని తిన్నారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మందు మంచిదే, కానీ మోతాదుకీ విషానికీ మధ్య ఉన్న గట్టు చాలా సన్నం.

మన కాలువ శివారు రైతులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కాలువలో మంచినీరు జోరుగా వస్తున్నంతకాలం సముద్రపు ఉప్పు వెనకే ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక డ్రెయిన్ల వెంట ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. సముద్రంలో ఉప్పేమీ పెరగదు, దాన్ని తోసే నీరు తగ్గుతుందంతే. వదిన ఒంట్లోనూ ఇదే జరిగింది. ఆమెకు చేసిన స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు. పొట్టను చిన్న సంచిగా చేసి పేగు దారి మార్చే గ్యాస్ట్రిక్ బైపాస్ అయితే మిగిలే సంచి కోడిగుడ్డంత. గుక్కెడు నీళ్లకే కడుపు నిండిపోతుంది. పైన కోనసీమ ఉక్కపోత, మొదటి వారాల్లో ఒట్టి ద్రవాహారం, మధ్యలో వాంతులు. ఇంకో సంగతి కూడా ఉంది. లావుగా ఉన్నప్పుడు మూత్రపిండాలు ఎక్కువ వడపోస్తాయి. బరువు తగ్గేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది, నిన్నటిదాకా సరిపోయిన మోతాదు రేపటికి ఎక్కువైపోతుంది.

వణుకు, వాంతి, తూలు ఆపరేషన్ అయినవాళ్లలో మామూలేనని అందరూ అనుకుంటారు కాబట్టే ఇది దొరక్కుండా పోతుంది. లిథియం వేసుకునే మనిషికి ఇవి వస్తే ఇంట్లో కూర్చుని చూడకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. వదినకు లిథియం తాత్కాలికంగా ఆపి సెలైన్ ఎక్కించారు, తేరుకుంది. ఇంకా ముదిరితే డయాలసిస్ పెట్టాల్సి వస్తుంది.

అందుకే ఆపరేషన్ తర్వాత మొదటి ఆరు వారాలు వారానికోసారి, ఆరు నెలల దాకా రెండు వారాలకోసారి, ఏడాది దాకా నెలకోసారి లిథియం స్థాయి చూడమని కొందరు నిపుణులు సూచిస్తారు. చివరి మాత్రకీ రక్తం తీయడానికీ మధ్య 12 గంటలు ఉండాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే ఉదయం తొమ్మిదికి రక్తం ఇచ్చి, ఉదయం మాత్ర ఉంటే ఆ తర్వాతే వేసుకోవాలి. ల్యాబుల్లో ఆకుపచ్చ మూత ట్యూబులు కొన్నింటిలో లిథియం హెపారిన్ ఉంటుంది. అందులో రక్తం తీస్తే ట్యూబులోని లిథియం కూడా లెక్కలోకి వచ్చి ఫలితం తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఏ ట్యూబులో తీస్తున్నారో అడగడానికి మొహమాటపడకండి.

మా వైపు ఎవరికి నీరసమన్నా ముందు కొబ్బరిబోండం కొడతారు. బోండం నీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. వాంతులు, విరేచనాలతో పోయిన ఉప్పును అవి భర్తీ చేయవు, దానికి ఓఆర్‌ఎస్ కావాలి. ఆవకాయ కొత్తగా కలిపారని ఒక నెల ఉప్పు దంచేసి, బీపీ అన్నారని మరుసటి నెల చప్పిడి తిండికి దిగడం కూడా లిథియాన్ని కిందా మీదా చేస్తుంది. మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫెనాక్ సూది లిథియాన్ని పెంచుతుంది, బైపాస్ అయినవాళ్లకు పొట్టలో పుండ్లు కూడా తెస్తుంది. పారాసిటమాల్‌తో ఈ చిక్కు లేదు. బీపీ మందుల్లో టెల్మిసార్టాన్, లోసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా లిథియాన్ని పెంచేవే. వేసుకుంటున్నట్టు మనసు డాక్టరుకు చెప్పి తీరాలి.

మిగతా మందులకు ఒక్కోదానికి ఒక్కో చిక్కు. మెల్లగా కరిగే ఎస్‌ఆర్, ఈఆర్ మాత్రలు దారి మారిన పేగులో పూర్తిగా కరగకుండానే వెళ్లిపోవచ్చు. వాటిని నలిపి వేసుకుంటే ఇంకా ప్రమాదం, మందంతా ఒక్కసారే రక్తంలోకి వెళుతుంది. డాక్టరును అడిగి మామూలు మాత్రకో, సిరప్‌కో మారాలి. బైపోలార్‌కే ఇచ్చే లురాసిడోన్ కనీసం 350 క్యాలరీల తిండితో వేసుకుంటేనే సరిగ్గా ఒంటికి పడుతుంది. అంటే చట్నీతో నాలుగైదు ఇడ్లీలు. సగం ఇడ్లీకే చాలనే మనిషి అంత ఎలా తింటుంది? ఇంకో బైపోలార్ మందు లామోట్రిజిన్ వాంతుల వల్లో మరుపు వల్లో ఐదారు రోజులు ఆగిపోతే, పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టకూడదు. ఒళ్లంతా ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు.

బరువు తగ్గాక ఆడవాళ్లలో గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయకపోవచ్చు. వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. ఈ మాట ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి. కల్లయినా బ్రాందీ అయినా పొట్ట చిన్నదయ్యాక త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ముప్పూ ఎక్కువే.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది సంతోషం. సంక్రాంతికి వదిన ఇరవై రెండు కిలోలు తగ్గింది. కొత్త చీరలు, చుట్టాల పొగడ్తలు, భోగి నుంచి కనుమ దాకా ఇల్లంతా సందడి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలతీర్థానికి కూడా వచ్చింది. అందరూ మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను. కానీ ఆమె మూడు రాత్రులుగా మూడేసి గంటలే పడుకుంటోంది, అయినా అలుపు లేదు. బరువు తగ్గిన ఉత్సాహానికీ ఉన్మాదం మొదటి మెట్టుకీ తేడా చీరల్లో తెలియదు, నిద్రలో తెలుస్తుంది. నిద్ర తగ్గినా మనిషి అలసిపోవడం లేదంటే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. అన్నయ్య అదే రోజు చేశాడు, మందు సర్దారు, వారంలో కుదుటపడింది. దిగులు వైపు జారినా అంతే, చచ్చిపోవాలన్న మాట ఒక్కసారి నోట వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు. డాక్టరు అందుబాటులో లేకపోతే 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు వదిన సంచిలో ఒకటే పుస్తకం ఉంటుంది. అందులో ఆపరేషన్ తేదీ, మందుల పేర్లు, మోతాదులు, ప్రతిసారీ వచ్చిన లిథియం అంకె. సర్జన్‌కూ, మనసు డాక్టరుకూ అదే చూపిస్తుంది. ఈ ఏడు కూడా కాలువలు కట్టేశారు. రేపు ఉదయం తొమ్మిదికి అమలాపురంలో రక్తం ఇవ్వాలి, సీసా నిండా నీళ్లు ఇప్పుడే పట్టి పెట్టుకుంది.