మెంతుల జిగురు, గుండె ఆరోగ్యం

శాకాహారం ఆరోగ్యానికి మంచిదా అన్న ప్రశ్నకు మన దేశంలో జవాబు వెతకడం కష్టం. ఇక్కడ మాంసం తినకపోవడం చాలామందికి కులం, ఇంటి ఆచారం, ఆదాయం వంటి వాటితో ముడిపడిన విషయం. వాటన్నిటినీ పక్కకు తీసి తిండి ప్రభావాన్ని ఒక్కదాన్నే కొలవడం తేలిక కాదు. అందుకే పరిశోధకులు తరచూ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, లోమా లిండా ఊరి వైపు చూస్తుంటారు. అక్కడి విశ్వవిద్యాలయం సెవెంత్ డే అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖది. వారి మతం పొగ, మద్యం వద్దంటుంది, శాకాహారాన్ని ప్రోత్సహిస్తుంది. అయినా ఆ శాఖలో మాంసం తినేవారూ చాలామందే ఉన్నారు. జీవనశైలిలో మిగతా అంశాలు చాలావరకు కలిసి, తిండి మాత్రం వేరుగా ఉన్న రెండు గుంపులు దొరకడం పరిశోధకుల అదృష్టమే.

2002లో మొదలైన అధ్యయనంలో సుమారు 96,000 మంది అడ్వెంటిస్టులు చేరారు. వారిలో 73,308 మంది వివరాలతో 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం, మాంసాహారుల కంటే శాకాహారుల్లో మరణాల రేటు 12 శాతం తక్కువ. అయితే చేపలు తినేవారిని, ఎప్పుడో ఒకసారి మాంసం ముట్టేవారిని కూడా అందులో శాకాహారుల పద్దులోనే వేశారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఈ లెక్కను చచ్చినా ఒప్పుకోరు!

బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 48,188 మందిని సుమారు 18 ఏళ్లు గమనించి 2019లో ప్రచురించిన ఫలితాలు ఇంకా ఆసక్తికరంగా ఉంటాయి. శాకాహారుల్లో గుండె రక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువగా కనిపించింది. పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువ. అందులోనూ మెదడులో రక్తస్రావం వల్ల వచ్చే రకమే ప్రధానం. మొదటి అంకెను చాటి చెప్పి రెండోదాన్ని మింగేసే ప్రచారాన్ని నమ్మకపోవడం మంచిది.

గుండెకు మేలు ఎలా జరుగుతుందో తెలియాలంటే రాత్రి గుప్పెడు మెంతులు నానబెట్టి పొద్దున్న చూడండి. గింజల చుట్టూ జిగురు పట్టి ఉంటుంది. నీటిలో కరిగే పీచు అంటే అదే. కాలేయం కొలెస్ట్రాల్‌ను వాడి పైత్యరస ఆమ్లాలను తయారు చేసి, కొవ్వును అరిగించడానికి పేగులోకి పంపుతుంది. పని అయ్యాక వాటిలో దాదాపు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగం పీల్చుకుని తిరిగి కాలేయానికి చేరుస్తుంది. పొదుపైన ఏర్పాటే. కానీ పేగులో ఈ జిగురు ఉంటే కొన్ని ఆమ్లాలు అందులో చిక్కుకుని మలంతో బయటికి పోతాయి. ఆ లోటు పూడ్చడానికి కాలేయం రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను లాక్కుని కొత్త ఆమ్లాలు తయారు చేసుకోవాలి. దాంతో రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మధుమేహ రోగుల భోజనంలో మెంతిపిండి కలిపి చూసి 1990లో ప్రకటించిన ఫలితాల్లో చక్కెరతో పాటు చెడు కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. వారు వాడినది రోజుకు 100 గ్రాములు; పోపులో వేసే చిటికెడు మెంతులు అంత పని చేస్తాయని ఆశపడకండి. బెండకాయ, పప్పుధాన్యాలు, ఓట్స్‌లో కూడా ఈ తరహా పీచు ఉంది. ఇక పెద్దపేగులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి తయారుచేసే బ్యుటిరేట్ అనే పదార్థం అక్కడి పేగుగోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం.

ఈ మేలంతా పళ్లెంలో పీచు ఉన్నప్పటి మాట. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం, వేయించిన అప్పడాలు, పూర్ణాలు, ఉప్పు కారాలు దట్టించిన ఆవకాయ కూడా శాకాహారమే. అమెరికాలో రెండు లక్షల మందికి పైగా ఆరోగ్య వృత్తుల వారిని గమనించి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ తేడాను సూటిగా చూపింది. ముడిధాన్యాలు, కూరగాయలు, పప్పులు, గింజలతో కూడిన మొక్కల ఆహారం బాగా తిన్నవారిలో గుండెజబ్బు ముప్పు 25 శాతం తగ్గింది. తీపి పానీయాలు, మిఠాయిలు, పాలిష్ ధాన్యాల మీద ఎక్కువగా ఆధారపడినవారిలో అది 32 శాతం పెరిగింది. వందగ్రాముల తెల్ల బియ్యంలో పీచు సుమారు 3 గ్రాములైతే జొన్నల్లో 10 గ్రాములు, కందిపప్పులో 9. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు తినమంటున్నాయి. అన్నం కుప్పగా పోసుకుని పక్కన గరిటెడు పప్పు, రెండు వంకాయ ముక్కలు వేసుకుంటే ఆ లెక్క తేలదు.

ఇక శాకాహారంలో లోటు పడగల పోషకాల మాట. ఇనుము సంగతి తేలిగ్గానే సర్దుకోవచ్చు. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడం కష్టం. భోజనంలో నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది, వెంటనే టీ తాగితే పట్టదు.

బి12 విటమిన్ సంగతి వేరు. దాన్ని తయారు చేసేది సూక్ష్మజీవులు, మొక్కలు కావు. పాలు, పెరుగులో కొంత ఉంటుంది. పలుచని మజ్జిగలో అదీ తక్కువే. కాలేయం కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంచుకుంటుంది కాబట్టి లోటు చాలా ఆలస్యంగా బయటపడుతుంది: అరికాళ్లలో తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు. పైగా ఆకుకూరల్లో దండిగా దొరికే ఫోలేట్ అనే మరో బి విటమిన్, బి12 లోటు వల్ల వచ్చే రక్తహీనతను కప్పిపుచ్చగలదు. ఆ చాటున నరాలు దెబ్బతింటూ ఉంటాయి. పాలు కూడా మానేసినవారికి బి12 మాత్రలో, అది కలిపిన ఆహారమో తప్పనిసరి. పాలు తాగే శాకాహారులు, ముఖ్యంగా వయసు పైబడినవారు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారు, వైద్యుడిని అడిగి బి12 రక్తపరీక్ష చేయించుకోవాలి.