సైకియాట్రిస్టు చీటీ వెనుక ఏముంటుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. మానసిక వైద్యులు అంతా ఊహించి చెప్పేస్తారు.

వాస్తవం: డిప్రెషన్‌ను పట్టి చూపించే స్కాన్ లేని మాట నిజమే. అయినా దానికి లెక్క ఉంది. దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి, నీరసం, తనను తాను తిట్టుకోవడం, చావు ఆలోచనలు... ఇలా మొత్తం తొమ్మిది లక్షణాలున్నాయి. వాటిలో కనీసం ఐదు, రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ ఉండాలి. ఆ ఐదింటిలో మొదటి రెండింట్లో ఒకటైనా ఉండి తీరాలి. పరీక్షలూ రాస్తాం. థైరాయిడ్, బీ12 తగ్గినా మనిషి ఇలాగే డీలా పడిపోతాడు మరి. నిన్నటిదాకా బాగున్న పెద్దావిడ ఉన్నట్టుండి గోడమీద పురుగులున్నాయంటూ కొడుకునే పోల్చుకోలేకపోతుంటే, నేను ముందు చూసేది మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం, షుగర్, కొత్తగా మొదలైన మాత్రలు.

అపోహ: నాలుగు మాటలు విని మందు రాసేస్తారు.

వాస్తవం: దిగులుగా ఉందని వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాను. "ఎప్పుడైనా వరసగా కొన్ని రోజులు రెండు మూడు గంటలే పడుకుని కూడా అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, ఎడాపెడా ఖర్చు పెట్టారా?" లేదంటారు ఒకాయన. పక్కనున్న భార్య అందుకుంటుంది: "ఆయన మర్చిపోయారు డాక్టరుగారూ. మూడేళ్ల కిందట రాత్రంతా మేలుకుని లెక్కలేస్తూ, పొలం అమ్మి బస్సులు కొంటానని అడ్వాన్సు కూడా ఇచ్చేశారు." ఆ మాటతో నేను రాయబోయిన మందు మారిపోతుంది. అది బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బు) అయితే, డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే అది మనిషిని ఆ అతి హుషారులోకి, అంటే ఉన్మాదంలోకి నెట్టవచ్చు. మూడ్ స్టెబిలైజర్, అంటే మనసు అటూ ఇటూ ఊగకుండా నిలిపే మందు కావాలి. వాటిలో ఒకటైన లిథియం ఇస్తే కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేస్తూ, రక్తంలో దాని స్థాయి సాధారణంగా లీటరుకు 0.6 - 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూసుకోవాలి. విరేచనాలైనా, ఎండలో ఒంట్లో నీరు తగ్గినా, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా అది ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే ఆయన మే నెలలో ఎక్కడ పనిచేస్తారో కూడా అడుగుతాను. పిల్లలు పుట్టే వయసు స్త్రీలకు వాల్‌ప్రోయేట్ అనే మరో మూడ్ స్టెబిలైజర్ వీలైనంతవరకు రాయం, కడుపులో బిడ్డకు హాని. దయచేసి పక్కింటివాళ్ల చీటీతో మందులు కొనుక్కోకండి.

అపోహ: మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందే.

వాస్తవం: మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు, బాగయ్యాక మామూలుగా 6 - 9 నెలలు కొనసాగించి మెల్లగా తగ్గిస్తాం. మళ్లీ మళ్లీ వస్తుంటే ఎక్కువకాలం పడుతుంది. అలవాటయ్యేవి అల్ప్రజోలం, క్లోనజెపాం లాంటి ఆందోళన, నిద్ర మాత్రలు. వాటిని కొద్ది వారాలకే రాస్తాం. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో ఏళ్ల తరబడి తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుడుతుంది.

వాస్తవం: పుట్టదు. చాలామందికి అడిగినందుకే గుండె బరువు తగ్గుతుంది. ఎలా చేసుకోవాలనుకున్నారు, ఇంట్లో పురుగుల మందు ఉందా అని కూడా అడుగుతాను. ఉందంటే ఆ సాయంత్రమే దాన్ని ఇంట్లోంచి తీసేయమని, ఆయన్ను ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు చెప్తాను, అవసరమైతే ఆసుపత్రిలో చేర్చుకుంటాను. మీ ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటే మీరూ సూటిగా అడగండి. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.