పాకలో ఏ గమ్‌బూటు నిలుస్తుంది?

గమ్‌బూట్లు కొనేటప్పుడు షాపులో అందరూ అడిగేది ఒకటే, నీళ్లు లోపలికి రావు కదా అని. రావండీ, కొన్న రోజు ఏ బూటులోకీ రావు. కొన్నాళ్లు పశువుల పాకలో తిరిగాక చీలమండ దగ్గర ముడత పడేచోట సన్నగా చీలి, ఓ పొద్దున మేజోడు తడిసినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. అందుకే ముందు అడగాల్సింది దాన్ని దేనితో చేశారని.

పాకలో నేల మీద ఉండేది ఉత్త నీళ్లా? గేదె మూత్రంలోని యూరియాని పేడలో ఉండే బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైముతో అమ్మోనియాగా మార్చేస్తుంది, తెల్లవారుజామున పాకలోకి అడుగు పెట్టగానే ముక్కుకి తగిలే ఘాటు అదే. ఈ క్షారంలో రోజూ నానితే తోలు బూటు కుట్లతో సహా పాడవుతుంది. ఎంత ఖరీదు పెట్టినా సరే, తోలు పాకకి పనికిరాదు.

సహజ రబ్బరు బాగా వంగుతుంది, ఈనడానికి కష్టపడుతున్న గేదె వెనక గొంతుక్కూర్చుని దూడను లాగే డాక్టరు గారికి హాయిగా ఉంటుంది. కానీ పాల కొవ్వు, ఇంజన్ ఆయిలు దానికి పడవు, పీల్చుకుని ఉబ్బుతుంది. పైగా ఎండ, గాలిలోని ఓజోన్ కలిసి ముడతల దగ్గర పగుళ్లు తెప్పిస్తాయి. పీవీసీ స్వతహాగా గట్టి ప్లాస్టిక్. మెత్తదనం కోసం అందులో ప్లాస్టిసైజర్ కలుపుతారు, అది మెల్లగా బయటికి జారుకుంటుంది, కొవ్వు తగిలితే ఇంకా త్వరగా, చివరికి బూటు చెక్కలా బిగుసుకుని చీలుతుంది. నైట్రైల్ రబ్బరు కలిపిన పీవీసీ కొవ్వుని మెరుగ్గా తట్టుకుంటుంది, నా ఓటు దానికే.

పాలీయురేతేన్ బూట్లు కూడా ఉన్నాయి, లోపలంతా సన్నని గాలి బుడగలు కాబట్టి తేలిక. కాకపోతే పాలీఎస్టర్ రకానికి వేడి, తేమ కలిస్తే అణువుల గొలుసులు తెగిపోతాయి. అటక మీద ఏళ్ల తరబడి దాచిన కొత్త షూ వేసుకోగానే అడుగు పొడిపొడిగా రాలడం చూసే ఉంటారు, చాలాసార్లు కారణం ఇదే. చౌకగా దొరికాయని రెండు జతలు కొని దాచుకోకండి.

ఇక అడుగు సంగతి. గాడులు లోతుగా ఉంటే పట్టు బాగుంటుంది గానీ, ఇరుగ్గా కూడా ఉంటే పేడ ఇరుక్కుని గట్టిపడుతుంది, అప్పుడు నున్నటి అడుగుతో నడిచినట్టే. పాక నుంచి పాకకి తిరిగే పశువైద్యులకు, గోపాలమిత్రలకు (ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసేవాళ్లు) ఇంకో తలనొప్పి కూడా, ఆ పేడతో పాటే రోగమూ ఒక పాక నుంచి ఇంకో పాకకి పోతుంది. గాలికుంటు వైరస్ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6 కంటే తగ్గినా 9 దాటినా నిలవలేదు, అందుకే 4 శాతం వాషింగ్ సోడా, అంటే లీటరు నీళ్లకి 40 గ్రాములు, దానిమీద పనిచేస్తుంది. అయితే పేడ ఉండ లోపల దాక్కున్న వైరస్‌కి ఆ సోడా అందదే! ముందు బ్రష్షుతో రుద్ది కడగాలి, ఆ తర్వాతే ముంచాలి. వెడల్పు గాడులైతే ఈ పని నిమిషంలో అయిపోతుంది.

అరటన్ను ముర్రా గేదె కాలు తొక్కుతుందని భయముంటే రక్షణ బూట్ల మీద వేసే ఎస్4 గుర్తున్నవి తీసుకోండి, వాటి ముందుభాగంలోని టోపీ 200 జౌల్‌ల దెబ్బకి, అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత దెబ్బకి, ఆగుతుంది. మేకులు గుచ్చుకునే చోటైతే, అడుగులోంచి మేకు దిగనివ్వని ఎస్5.

గాలాడదు కాబట్టి చెమట తప్పదు, నానిన చర్మం మీద ఫంగస్ సులువుగా చేరుతుంది. మధ్యాహ్నం మేజోళ్లు మార్చండి, బూట్లు నీడలో తలకిందులుగా ఆరబెట్టండి. కొనేది మాత్రం సాయంత్రం పూట, మేజోళ్లతో వేసుకుని చూసి, ఎందుకంటే పొద్దుటి కంటే అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.