టైటిల్ వన్ డబ్బు, బడి ప్లాన్: చూసే హక్కు ఎక్కడిదాకా?

అమెరికాలో ఒక ప్రభుత్వ బడి బాగా వెనకబడిందని రాష్ట్రం తేల్చితే, ఆ బడిని ఎలా బాగుచేస్తారో ఒక ప్లాన్ రాయాలి. పిల్లలు ఏ సబ్జెక్టులో, ఏ తరగతిలో వెనకబడ్డారు, ఏం మారుస్తారు, ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు దేనికి ఖర్చు పెడతారు అన్నది అందులో ఉండాలి. తల్లిదండ్రులు దాన్ని చూడొచ్చా అంటే ఎవరైనా చూడొచ్చనే చెబుతారు. ఎక్కడ దొరుకుతుంది అని అడిగితే మాత్రం రాష్ట్రానికో జవాబు వస్తుంది. దీని వెనక అరవై ఏళ్ల కథ ఉంది.

1965 ఏప్రిల్ 11న టెక్సస్‌లో, చిన్నప్పుడు తాను చదువుకున్న బడి దగ్గర, తన మొదటి టీచర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. ఎలిమెంటరీ అండ్ సెకండరీ ఎడ్యుకేషన్ యాక్ట్ అంటే అదే. అందులోని టైటిల్ వన్ ద్వారా పేద పిల్లలు ఎక్కువగా ఉన్న స్కూల్ డిస్ట్రిక్టులకు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలకు) మొదటిసారి పెద్ద ఎత్తున ఫెడరల్ డబ్బు వెళ్లింది. అప్పటికి న్యూయార్క్ సెనేటర్‌గా ఉన్న రాబర్ట్ కెనెడీకి ఒక అనుమానం. ఇన్నాళ్లూ ఈ పిల్లలను పట్టించుకోని బడులే ఇప్పుడు డబ్బు తీసుకుని మారిపోతాయని నమ్మకమేమిటి? ఫలితాలు లెక్కకట్టి చూపాలన్న షరతు చట్టంలోకి రావడానికి ఆయన పట్టుబట్టడమే కారణం. ఆ లెక్కలు తల్లిదండ్రుల చేతికి వస్తే వాళ్లే నిలదీస్తారని ఆయన ఆలోచన.

ఆ అనుమానం నిజమేనని నాలుగేళ్లలోనే తేలింది. 1969లో పౌరహక్కుల కోసం పనిచేసే రూబీ మార్టిన్, ఫిలిస్ మెక్‌క్లూర్ ఒక రిపోర్టు తెచ్చారు. పేద పిల్లల కోసం ఇచ్చిన డబ్బును చాలా డిస్ట్రిక్టులు మామూలు ఖర్చులకు వాడేసుకున్నాయని, కొన్నిచోట్ల స్విమ్మింగ్ పూల్స్‌కి కూడా వెళ్లిందని అది బయటపెట్టింది. దాంతో నిబంధనలు బిగిశాయి. 1974 సవరణలతో టైటిల్ వన్ బడులకు తల్లిదండ్రుల సలహా మండళ్లు తప్పనిసరి అయ్యాయి. మన బడుల్లో ఎస్‌ఎంసీల (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీల) గురించి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. అయితే 1981లో రీగన్ ప్రభుత్వం ఫెడరల్ జోక్యం తగ్గించాలంటూ తెచ్చిన చట్టం ఆ తప్పనిసరిని తీసేసింది. నాకు తెలిసి ఈ కథలో తల్లిదండ్రులకు తగిలిన పెద్ద దెబ్బ అదే. తర్వాత వచ్చిన చట్టాలు తల్లిదండ్రులను సంప్రదించమన్నాయి కానీ, ఆ స్థాయిలో వాళ్లకు కుర్చీ వేయలేదు.

1988 సవరణల్లో మెరుగుదల ప్లాన్ అనే ఆలోచన వచ్చింది. 1994లో అది ఇంకాస్త గట్టిపడింది. కానీ ఇంటింటా వినిపించింది మాత్రం 2002 జనవరిలో జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం పెట్టిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ తర్వాతే. ఆ చట్టం ప్రకారం, వరసగా రెండేళ్లు పరీక్షల టార్గెట్ అందుకోని టైటిల్ వన్ బడి మూడు నెలల్లో రెండేళ్ల ప్లాన్ రాయాల్సి ఉండేది. తన టైటిల్ వన్ నిధుల్లో కనీసం పది శాతం టీచర్ల శిక్షణకు పెట్టాల్సి ఉండేది. బడి ఆ జాబితాలోకి ఎక్కిందని, పిల్లలను వేరే బడికి మార్చుకోవచ్చని తల్లిదండ్రులకు కబురు పంపాల్సి ఉండేది. ఆ చట్టం పెట్టుకున్న గురి మరీ విపరీతం: 2014 నాటికి పిల్లలందరూ పాస్. దానివల్ల ఏటేటా జాబితా పెరిగింది, ప్లాన్లు కుప్పలు పడ్డాయి. వాటిలో చాలావాటిని పై ఆఫీసుకు పంపే కాగితాల్లాగే చూశారన్న విమర్శ అప్పుడే మొదలైంది.

2009లో ఒబామా ప్రభుత్వం ఆర్థిక మాంద్యం నుంచి గట్టెక్కడానికి తెచ్చిన స్టిమ్యులస్ డబ్బులోంచి ఇలాంటి బడులకు 300 కోట్ల డాలర్లు పెట్టింది. డబ్బు ఇంత పెద్దది కావడంతో, గ్రాంటు వచ్చిన డిస్ట్రిక్టుల అప్లికేషన్లను రాష్ట్రాలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలన్న రూలు కూడా వచ్చింది. ఆ గ్రాంట్ల వల్ల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2017లో ఫెడరల్ విద్యాశాఖ సొంత పరిశోధనా విభాగమే తేల్చింది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ స్థానంలో 2015 డిసెంబర్‌లో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్ ప్రకారం, ప్రతి రాష్ట్రం టైటిల్ వన్ బడుల్లో అట్టడుగు ఐదు శాతాన్ని, మూడింట ఒక వంతు లేదా అంతకన్నా ఎక్కువ మంది పిల్లలు గ్రాడ్యుయేట్ కాని హైస్కూళ్లను కనీసం మూడేళ్లకోసారి గుర్తించాలి. వాటికి తల్లిదండ్రులతో, టీచర్లతో కలిసి డిస్ట్రిక్ట్ ప్లాన్ తయారుచేయాలి. దాన్ని బడి, డిస్ట్రిక్ట్, రాష్ట్రం మూడూ ఆమోదించాలి. టైటిల్ వన్ నిధుల్లో ఏడు శాతాన్ని రాష్ట్రాలు ఈ పనికే పక్కన పెట్టాలి. టైటిల్ వన్ మొత్తం ఏటా దాదాపు 1,800 కోట్ల డాలర్లు కాబట్టి ఇది చిన్న మొత్తమేమీ కాదు.

అదే చట్టంలో, టైటిల్ వన్ డబ్బును బడి మొత్తానికి వాడుకునే స్కూళ్లు రాసే స్కూల్‌వైడ్ ప్లాన్‌ను తల్లిదండ్రులకు, ప్రజలకు అందుబాటులో ఉంచాలని, వీలైనంతవరకు వాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని నేరుగా రాశారు. అట్టడుగు బడుల ప్లాన్ దగ్గర అంత సూటి వాక్యం లేదు. అంటే ఎక్కువ అవసరం ఉన్నచోటే రాత పలచగా ఉంది! 2016 నవంబర్‌లో ఫెడరల్ విద్యాశాఖ తెచ్చిన నిబంధనలు ఈ ఖాళీని పూడ్చాయి, ఆ ప్లాన్‌ను డిస్ట్రిక్ట్ బహిరంగంగా ఉంచాలన్నాయి. నాలుగు నెలలైనా నిలవలేదు. 2017 మార్చిలో సెనేట్ 50–49 ఓట్లతో ఆ నిబంధనలను రద్దు చేసింది, ట్రంప్ సంతకం పెట్టాడు. ఫెడరల్ విద్యాశాఖ పెత్తనం ఎక్కువైందన్నది రద్దు కోరినవాళ్ల వాదన. ఆ గొడవలో తల్లిదండ్రులకు పనికొచ్చే ఈ చిన్న రూలు కూడా కొట్టుకుపోయింది.

ఫెడరల్ డబ్బుతో నడిచే ప్రోగ్రాముల అప్లికేషన్లు, ప్లాన్లు, రిపోర్టులు ప్రజలకు అందుబాటులో ఉంచుతామని డిస్ట్రిక్టులు హామీ ఇవ్వాలని జనరల్ ఎడ్యుకేషన్ ప్రొవిజన్స్ యాక్ట్‌లో పాత నియమం ఒకటి ఉంది. తల్లిదండ్రుల్లో దాని పేరు విన్నవాళ్లు తక్కువ. పైగా అందుబాటులో ఉండటమంటే వెబ్‌సైట్‌లో ఉండటమా, ఆఫీసు బీరువాలో ఉండటమా అన్నది అది తేల్చదు.

అందుకే రాష్ట్ర చట్టాలే దిక్కయ్యాయి. కాలిఫోర్నియాలో బడి ప్లాన్‌ను స్కూల్ సైట్ కౌన్సిల్ తయారుచేస్తుంది. ఎలిమెంటరీ బడిలో కనీసం పదిమంది సభ్యులు, అందులో సగం తల్లిదండ్రులు. మీటింగ్ అజెండా 72 గంటల ముందే బయటపెట్టాలి. నార్త్ కరోలినాలో ప్లాన్లు ఆన్‌లైన్‌లో చూడొచ్చు, బడి భద్రతకు సంబంధించిన భాగం మాత్రం చూపించరు. టెక్సస్‌లో టైటిల్ వన్‌తో సంబంధం లేకుండా ప్రతి బడికీ ఏటా క్యాంపస్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ ఉండాలి.

ఈ మూడు రాష్ట్రాల్లోనూ మనవాళ్లు బాగానే ఉన్నారు. ఇల్లు కొనేముందు బడి రేటింగ్ చూడని తెలుగు కుటుంబం అరుదు. ప్లాన్ తెరిచి చూసేవాళ్లు అంతకంటే అరుదు, వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. ఒక్కోటి పదుల పేజీలు, సగం విద్యాశాఖ పరిభాష. కానీ రేటింగ్ ఒక అంకె చెప్పి ఊరుకుంటుంది. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో, వాళ్ల కోసం టీచర్‌ను పెడుతున్నారో లేదో ప్లాన్‌లోనే తెలుస్తుంది.

2025లో ఫెడరల్ విద్యాశాఖ సిబ్బంది దాదాపు సగానికి తగ్గారు. టైటిల్ వన్ డబ్బు ఇచ్చేది కాంగ్రెస్ కాబట్టి అది ఆగలేదు, రాష్ట్రాలు షరతులు పాటిస్తున్నాయా అని చూసే మనుషులు తగ్గారు. ప్లాన్ వెబ్‌సైట్‌లో కనిపించకపోతే వాషింగ్టన్‌కు అర్జీ పెట్టి లాభం లేదు, ఫెడరల్ సమాచార చట్టం లోకల్ డిస్ట్రిక్టులకు వర్తించదు. రాష్ట్ర పబ్లిక్ రికార్డ్స్ చట్టం కిందే అడగాలి. టెక్సస్‌లో అయితే రాతపూర్వకంగా అడిగాక పది పనిదినాల్లో ఇవ్వలేకపోతే, ఎప్పటికి ఇస్తారో డిస్ట్రిక్ట్ రాసి చెప్పాలి.