చలికి తట్టుకునే హైబ్రిడ్ పామ్: నల్లగొండ, పాలమూరు కొనుగోలుదార్లకు అపోహలు, వాస్తవాలు

చౌటుప్పల్ నుంచి నార్కట్‌పల్లి దాకా, షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా ఏ వెంచర్ గేటు చూసినా రెండు పక్కలా పామ్ చెట్ల వరుస ఉండాల్సిందే. ఈ మధ్య ఆ వరుసలోకి ‘కోల్డ్ హార్డీ హైబ్రిడ్’ అనే మాట కూడా చేరింది. మామూలు క్వీన్ పామ్ పక్కనే నిలబెట్టి, ఇది వేరే జాతి సార్ అని ధర పెంచి చెప్తారు. అందులో కొంత నిజముంది, కొంత మాటకారితనం ఉంది. రెండూ విడదీసి చూస్తే బేరం సులువవుతుంది.

అపోహ: చలిని తట్టుకునే చెట్టు ఎండను కూడా తట్టుకుంటుంది.

వాస్తవం: ఆ రెండూ వేర్వేరు గుణాలు. మంచులో నిలబడే ట్రాకీకార్పస్ అనే పామ్‌ను తెచ్చి మన మే నెల ఎండలో పెడితే ఎదుగుదల ఆగిపోయి ముడుచుకు కూర్చుంటుంది. చలికి పేరుపడ్డ అసలైన హైబ్రిడ్ మ్యూల్ పామ్. పిండో పామ్ తల్లి, క్వీన్ పామ్ తండ్రి. అది సున్నాకు దిగువన ఏడెనిమిది డిగ్రీల చలిని కొద్దిసేపు ఓర్చుకుంటుంది. నల్లగొండలో చలికాలం రాత్రి 10 డిగ్రీల దగ్గరికి వస్తేనే కుంపట్లు వెలుగుతాయి. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న ఆ చలి ఓర్పు ఇక్కడ ఒక్క రాత్రి కూడా పనికిరాదు. మన చెట్టుకు పరీక్ష పెట్టేవి 45 డిగ్రీల ఎండ, వడగాలి, ఉప్పు తేలిన బోరు నీళ్లు, సుద్ద నేల. కొనేటప్పుడు వీటి గురించే అడగాలి.

అపోహ: హైబ్రిడ్ అంటే హైబ్రిడే, ఏదైనా ఖరీదు ఎక్కువే.

వాస్తవం: హైబ్రిడ్ పేరుతో దొరికేవి ప్రధానంగా మూడు తీర్లు. మూడింటికీ ధర లెక్క వేరు.

మొదటిది మ్యూల్ పామ్. దీని ధర ఎక్కువ కావడానికి కారణం ఉంది. పిండో పామ్ గెలలో మగపూలు ముందు విచ్చుకుంటాయి, ఆడపూలు తర్వాత. మగపూలన్నీ చేత్తో ఏరిపారేసి, గెలకు సంచి కట్టి, సమయం చూసి క్వీన్ పామ్ పుప్పొడి అద్దాలి. ఇంత చేసినా కొన్ని గింజలు అచ్చం పిండోగానే మొలుస్తాయి. పైగా ఈ హైబ్రిడ్ దాదాపు గొడ్డుచెట్టు. దాని గింజలు ఏరి మళ్లీ మొక్కలు పెంచడం కుదరదు, ప్రతి మొక్కకూ ఆ చేతిపని మొదటి నుంచి చేయాల్సిందే. కాబట్టి ‘మా తోటలో మ్యూల్ పామ్ గింజల నుంచి పెంచినవి’ అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. గుర్తుపట్టడానికి ఆకుకాడ అంచును వేలితో తడమండి. పిండోకు ముళ్లు గట్టిగా గుచ్చుకుంటాయి, ఆకు బూడిద కలిసిన నీలంగా ఉండి విల్లులా వంగుతుంది. క్వీన్ పామ్‌కు ముళ్లు ఉండవు, ఆకు ముదురు పచ్చన, ఈనెల పక్కల రెమ్మలు చెదిరినట్టు నాలుగు దిక్కులా ఉంటాయి. మ్యూల్ ఈ రెంటికీ నడుమ ఉండాలి. పూర్తిగా ఒకవైపే ఉంటే అది హైబ్రిడ్ కాదు.

రెండోది వాషింగ్టోనియా. ఇందులోని రెండు జాతులు, లావు కాండం ఫిలిఫెరా, సన్నగా ఆకాశానికి పోయే రోబస్టా పక్కపక్కనే పెరిగితే వాటంతట అవే కలుస్తాయి. గింజలు మొలుస్తాయి, ఎవరూ పుప్పొడి అద్దనక్కర్లేదు. మన పొడి ఎండకు బాగా సరిపోయే చెట్టు ఇదే అని మా అభిప్రాయం. కానీ దీనికి హైబ్రిడ్ పేరుతో అదనపు ధర ఇవ్వడానికి ఏ కారణమూ లేదు. లేత మొక్క ఆకుకాడ అడుగున ఎర్రగోధుమ రంగు చిక్కగా ఉంటే రోబస్టా వాటా ఎక్కువన్నట్టు.

మూడోది ఖర్జూర జాతి. కేనరీ, ఖర్జూరం, సిల్వెస్ట్రిస్ ఒకదానితో ఒకటి తేలిగ్గా కలిసిపోతాయి, ఏ గింజకు తండ్రి ఎవరో చెట్టుకే తెలియదు. ‘ఆడమొక్క సార్, కాయలు కాస్తుంది’ అన్నా నమ్మకండి. వీటిలో ఆడా మగా వేర్వేరు చెట్లు, గింజ మొక్క పూతకొచ్చేదాకా చూసి చెప్పలేం. అన్నట్టు, సిల్వెస్ట్రిస్ పామ్ అంటే మన ఈతచెట్టే. గౌడ్ మోకు వేసి ఎక్కే చెట్టుకు ఇంగ్లిషు పేరు తగిలిస్తే గేటు పక్కకు వస్తుంది! పొలం గట్ల మీంచి పెకిలించిన చెట్టయితే ఎక్సైజ్ శాఖ అనుమతి కాగితం ఉందా అని తప్పకుండా అడగండి.

అపోహ: అంటు కట్టిన పామ్ గట్టిగా ఉంటుంది.

వాస్తవం: పామ్‌కు అంటు కట్టడం జరగని పని. మామిడిలా బెరడు కింద అతుక్కునే పొర దీనికి ఉండదు. ఖర్జూరానికి పిలకలు, టిష్యూకల్చర్ ఉన్నాయి. మిగతావి దాదాపు అన్నీ గింజ మొక్కలే.

అపోహ: ఇంపోర్టెడ్ అన్నారంటే అసలైనదే.

వాస్తవం: బయటి దేశం నుంచి మొక్కైనా గింజైనా రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దిగుమతి పర్మిట్, మొక్కకు తెగుళ్లు, పురుగులు లేవని ఆ దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. నిజంగా తెప్పించినవాళ్ల దగ్గర ఆ నకలు ఉంటుంది. లేకపోతే అది కడియం నుంచో, నగరం శివారు నర్సరీ నుంచో డీసీఎంలో వచ్చిన మొక్క. కడియం మొక్క తక్కువదని కాదు, దానికి కడియం ధరే ఇవ్వాలి. ఇంకో మాట, బతికున్న మొక్కల మీద జీఎస్టీ లేదు. బిల్లులో మొక్కకే పన్ను వేసి ఉంటే ఏమిటని అడగండి. నాటే కూలీ, క్రేన్, రవాణా విడిగా రాయించుకోండి.

అపోహ: పది అడుగుల చెట్టు అంటే పది అడుగుల చెట్టే.

వాస్తవం: గొడవలన్నీ ఈ టేపు దగ్గరే. ఒకరు నేల నుంచి ఆకు కొస దాకా కొలుస్తారు, ఇంకొకరు మొవ్వు దాకా, మరొకరు కాండం మాత్రమే. పది అడుగుల ఎత్తు చెప్పిన చెట్టుకు మూడడుగుల కాండమే ఉండొచ్చు. డబ్బు ఇచ్చేది కాండానికే, ఎందుకంటే అది పెరగడానికే ఏళ్లు పడుతుంది. నేల నుంచి కింది పచ్చాకు మొదలు దాకా కొలిచి, అదే లెక్కతో మూడు నర్సరీల్లో ధర అడగండి. అప్పుడే పోలిక కుదురుతుంది.

అపోహ: బ్యాగు నిండా వేర్లు చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు.

వాస్తవం: వేప, మామిడి విషయంలో ఆ మాట నిజం. పామ్ వేరు లావెక్కదు, కాండాన్ని బిగించి చంపదు. వేర్లతో బిగిసిన బ్యాగే మంచిది. భయపడాల్సింది నిన్న తవ్వి ఇవాళ బ్యాగులో దించిన చెట్టుకు. కాండం పట్టుకుని మెల్లగా ఊపండి. చెట్టు, మట్టి కలిసి కదిలితే సరే, మట్టి ఉన్నచోటే ఉండి చెట్టు ఒక్కటే ఊగితే వేరు ఇంకా పట్టలేదు. బ్యాగు పక్కన చిన్న కోత పెట్టించి తెల్లటి కొత్త వేరు కొసలు చూడండి.

తర్వాత మొవ్వు. పామ్‌కు ప్రాణం ఒకటే చోట ఉంటుంది, నడిమి మొవ్వులో. ఇంకా విచ్చని ఈటె ఆకును రెండు వేళ్లతో పట్టి మెల్లగా పైకి లాగండి. కదలకూడదు. ఊడి చేతికొచ్చి, అడుగు మెత్తగా కుళ్లువాసన వేస్తే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పెద్ద చెట్టయితే ఇంకో పరీక్ష పెట్టండి. ఈటె ఆకు మీద, పక్క ఆకుకాడ మీద ఒకే ఎత్తులో మార్కర్‌తో గీత గీసి రెండు వారాలకు రండి. ఎదిగే కాలంలో ఈటె మీది గీత పైకి జరగలేదంటే ఆ చెట్టు ఆగిపోయి ఉంది.

అపోహ: నాటేటప్పుడు ఆకులన్నీ కోసేస్తే తొందరగా తేరుకుంటుంది.

వాస్తవం: ఎండిన కింది ఆకులు, అవసరమైతే మరి కొన్ని ముదురాకులు తీస్తే చాలు. మిగతావి పైకి ముడిచి తాడుతో కట్టండి. పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, ఈత, కేనరీ చెట్లంటే దానికి మరీ ఇష్టం. కాండానికి రంధ్రాలు, నమిలిన పీచు, కారిన గోధుమరంగు జిగురు కనిపిస్తే ఆ లోడు దించనివ్వొద్దు. విచ్చిన ఆకు కత్తెరతో వి ఆకారంలో కోసినట్టుంటే కొమ్ము పురుగు. అది గుడ్లు పెట్టేది పెంటకుప్పలో, కాబట్టి చెట్టు పక్కనే పెంట పోగెయ్యొద్దు. ఇంకా, ఊతకర్రలకు కాండంలో మేకు కొట్టొద్దు, ఆ గాయం జన్మలో మానదు.

అపోహ: లోతుగా నాటితే గాలికి పడదు.

వాస్తవం: కొన్న పామ్‌లు చావడానికి ఇదో పెద్ద కారణం. కొత్త వేర్లు కాండం మొదట్లోనే పుడతాయి. ఆ భాగం మట్టిలో పూడితే గాలి ఆడక, మాంగనీస్ అందక ఏడాది రెండేళ్లకు కొత్త ఆకు చిన్నదై కాల్చినట్టు ముడుచుకుంటుంది. గుంత లోతు మట్టి ముద్ద ఎంతో అంతే, వెడల్పు దానికి రెండింతలు. అడుగున సుద్ద పొర తగిలితే గడ్డపారతో పగలగొట్టి, గుంతలో నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ నిలిచి ఉంటే దిబ్బ మీద నాటాలి.

అపోహ: ఆకు పసుపైతే యూరియా వేస్తే పోతుంది.

వాస్తవం: ఏ ఆకు అన్నది చూడాలి. ముదురాకుల కొసలు మచ్చలుపడి ఎండితే పొటాష్ లోటు. మన ఉప్పునీళ్లకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మేలు, మ్యూరియేట్ వద్దు. ముదురాకు అంచు పసుపు, నడుమ పచ్చ అయితే మెగ్నీషియం. లేతాకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము. లేతాకు ముడుచుకుంటే మాంగనీస్ సల్ఫేట్, చిన్న చెట్టుకు 200 గ్రాములు. వీటిలో ఏ లోటుకూ యూరియా మందు కాదు, పొటాష్ లోటున్న చెట్టుకు వేస్తే ముదురుతుంది. మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నచోట ఎరెకా పామ్ ఆకు కొసలు మాడతాయి. అక్కడ సూపర్ ఫాస్ఫేట్ కూడా తగ్గించండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

అపోహ: చలికాలంలో నాటితే మంచిది.

వాస్తవం: పామ్ వేరు వెచ్చటి నేలలోనే సాగుతుంది. మృగశిరలో వానలు పడ్డాక ఆగస్టు దాకా మంచి అదును. రోహిణి కార్తెలో మాత్రం ముట్టొద్దు.

అపోహ: నెల రోజులు పచ్చగా ఉంటే చెట్టు బతికినట్టే.

వాస్తవం: కాండంలో దాచుకున్న నీళ్లతో, పిండితో వేరు లేని పామ్ కూడా నెలల తరబడి పచ్చగా నిలబడుతుంది. అందుకే నెల గ్యారంటీ ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. బతికిందనడానికి గుర్తు నాటిన తర్వాత పుట్టిన కొత్త ఆకులు రెండు పూర్తిగా విచ్చడం. ధరలో నాలుగో వంతు అప్పటిదాకా ఆపండి. బదులుగా నీళ్ల బాధ్యత మీరు తీసుకోండి: నాలుగైదు అడుగుల కాండం ఉన్న చెట్టుకు మొదటి నెల రోజుకు 40–50 లీటర్లు, అదీ మట్టి ముద్ద మీదే పడాలి. చుట్టూ తడిసి ముద్ద పొడిగా ఉంటే లాభం లేదు. బిల్లు మీద తల్లి తండ్రి పేర్లతో రకం, కాండం అడుగులు, బ్యాగులో ఎన్ని నెలలు ఉందో, ఆపిన మొత్తం ఎంతో రాయించండి. తల్లి తండ్రి పేర్లు రాయను అంటే, మామూలు క్వీన్ పామ్ ధర దగ్గర బేరం మొదలుపెట్టండి.