మునసబు గొంతు ఎవరిది? టేపులో పేరు లేకుండా పోయిన సంగతి

పాత రేడియో నాటకం నెట్‌లోకి వచ్చిన ప్రతిసారీ విజయనగరంలో అదే తగువు లేస్తోంది. మునసబుగా, కాంపౌండరుగా, తలుపు తట్టే పోస్టుమానుగా మాట్లాడిన ఆ మనిషి ఎవరు? టేపులో పేర్లు లేవని, ఆధారం లేకుండా ఎవరి పేరూ రాయలేమని ఫైలు ఎక్కించినవారు అంటున్నారు. నటుల కుటుంబాలు కాంట్రాక్టు కాగితాలు చూపిస్తే, వాటి మీది తేదీ ప్రసార తేదీతో కలవడం లేదని, గొంతు కూడా పోలడం లేదని తోసిపుచ్చుతున్నారు.

1938లో మద్రాసు, 1948లో విజయవాడ, 1963లో విశాఖపట్నం రేడియో కేంద్రాలు రావడం తెలిసిన కథే. విశాఖ కేంద్రం వచ్చాక విజయనగరం నటుడు అరవై కిలోమీటర్లు వెళ్లి, పాత్ర చెప్పి, రాత్రికి ఇల్లు చేరగలిగాడు. అయితే ఈ తగువుకి మూలం దూరం కాదు, టేపు.

నాటకం నేరుగా ప్రసారమైన రోజుల్లో నటుడు పలికిన రోజే శ్రోత విన్నాడు. టేపు వచ్చాక రికార్డింగు ఒకనాడు, ప్రసారం మరొకనాడు. కాంట్రాక్టులో ఉండేది మొదటి తేదీ. రెండూ కలవకపోతే కాగితం దొంగదైపోదు.

పేర్లు కూడా అక్కడే జారిపోయాయి. ‘ఇందులో పాల్గొన్నవారు’ అన్న ముక్కని చాలాసార్లు డ్యూటీ అనౌన్సరు క్యూ షీటు (ప్రకటనలు రాసి ఉంచే కాగితం) చూసి అప్పటికప్పుడు చదివేవారు. అంచేత టేపులో నాటకమే ఉంటుంది, పేర్లు కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం పోతే పేరూ పోయినట్టే. 1200 అడుగుల స్పూలు (టేపు చుట్ట) సెకనుకి 19 సెంటీమీటర్ల వేగంతో 32 నిమిషాలు నడుస్తుంది, అంటే అరగంట నాటకానికి ఒక స్పూలు. టేపు ఖరీదైన సరుకు కాబట్టి చెరిపి మళ్లీ వాడేవారు. ఈరోజు వినిపిస్తున్నవి చాలావరకు ఎవరో ఇంట్లో క్యాసెట్లోకి ఎక్కించుకున్న కాపీలు.

కాంట్రాక్టు ఒక్కటీ చాలదన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. నాటకం పేరు, తేదీ, పారితోషికం దొరుకుతాయి గాని, ఏ పాత్రో తెలియదు. దానికి నటులకి పంచిన సైక్లోస్టైల్ (స్టెన్సిల్‌తో తీసిన కాపీ) స్క్రిప్టు చూడాలి. నటుడు తన మాటల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టుకునేవాడు. రెండు మూడు చిన్న పాత్రలు ఒకరే చెప్పడం మామూలు గనక, గీతలు ఎన్ని పాత్రల కింద ఉన్నాయో అన్నీ లెక్కపెట్టాలి. మైకుకి దగ్గరగా, గొంతు తగ్గించి ముసలివాడు. రెండడుగులు వెనక్కి జరిగి, ‘ఏటి బావూ’ అంటూ పాలేరు. వినేవాళ్లకి ఇద్దరు మనుషులే!

గొంతు పోలడం లేదన్న వాదన అన్నిటికన్నా బలహీనమైనది. అరగంట నాటకం ఎక్కడా కోత లేకుండానే క్యాసెట్‌ కాపీలో 29 నిమిషాలకి ముగిసిందంటే, అది మూడు శాతానికి పైగా వేగంగా నడుస్తోంది. గొంతు సుమారు సగం స్వరస్థానం (హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య తేడాలో సగం) పైకెళ్తుంది, అరవయ్యేళ్ల మునసబు నలభైలోకి వస్తాడు. వేగం సరిచేశాకే, అదే నటుడి మరో రికార్డింగు పక్కన పెట్టి వినాలి.